తాపీ తగలని రోడ్డు

దుర్గారావు వేసిన గచ్చు మీద కూచున్నవాళ్ళకి లేవబుద్ధి అయ్యేది కాదు. ఇది నేను పొగడ్తకి చెప్పడం లేదు. విశాఖపట్నంలో పాత డాబా ఇళ్ళు ఇంకా కొన్ని మిగిలున్నాయి, అనుమానం ఉన్నవాళ్ళు వెళ్ళి చూసుకోవచ్చు. ఎర్రటి గచ్చు, మండు వేసవిలో కూడా కడవ అడుగులా చల్లగా ఉంటుంది. గది తుడవడానికి వంగిన ఆడవాళ్ళు అందులో తమ మొహం చూసుకుని బొట్టు సర్దుకునేవారు. ఆ నునుపు రావడానికి దుర్గారావు చేసే చాకిరీ అంతా ఇంతా కాదు. ఎర్ర రంగు కలిపిన సిమెంటు పాలు పోసి, అది బిగుసుకునే అదను కనిపెట్టి, మోకాళ్ళ మీద వెనక్కి వెనక్కి జరుగుతూ తాపీతో రుద్ది రుద్ది, ఆరాక తడిపి, మళ్ళీ కొబ్బరినూనె పట్టించి, ఇంటివాళ్ళకన్నా ముందు తనే దాని మీద చెంప ఆనించి చూసుకునేవాడు.

నిజానికి అతను పుట్టింది భీమిలి దగ్గర సముద్రం మీద బతికే ఇంట్లో. తండ్రీ అన్నలూ వలలు భుజాన వేసుకుని పోతుంటే తనూ పోవాల్సినవాడే. కానీ పడవెక్కాడంటే చాలు, కడుపులో ఉన్నదంతా గంగమ్మకే సమర్పించుకునేవాడు. చూసి చూసి తండ్రి, "నీకు నేలే గతిరా" అని ఒక మేస్త్రీ దగ్గర పెట్టేశాడు. అలా నేల మీదకొచ్చినవాడు నేలనే ప్రేమించాడు.

తొంభైల చివరికొచ్చేసరికి ఊరంతా అపార్ట్‌మెంట్లు లేచాయి, వాటితో పాటు టైల్సూ వచ్చాయి. పెట్టె విప్పడం, అతికించడం, అయిపోయింది. ఎర్ర గచ్చు అడిగే నాథుడు లేకపోయాడు. దుర్గారావు కాంట్రాక్టరు సన్యాసిరాజు దగ్గర చేరి కాలవలూ, పేవ్‌మెంట్లూ కట్టడం మొదలుపెట్టాడు. మురికి కాలవ అడుగు కూడా నున్నగా తాపీ పట్టేవాడు. "ఏటి బావా, కాలవలో పెళ్ళికూతురేటైనా నడిసొత్తాదా?" అని సన్యాసిరాజు ఎగతాళి చేసేవాడు. దుర్గారావు నవ్వి ఊరుకునేవాడు గానీ చెయ్యి మాత్రం ఆపేవాడు కాదు.

అతని భార్య గంగాలమ్మ చేపలమ్ముతుంది. తెల్లారకుండా జెట్టీకి పోయి, వేలంలో చేపలు పట్టి, గంప నెత్తికెత్తుకుని, పోర్టు లారీలు తిరిగే రోడ్డు దాటి, అవతల కాలనీల్లోకి పోతుంది. ఆమెతో పాటు, వాళ్ళుండే జాలారిపేట ఆడవాళ్ళందరిదీ అదే దారి. ఆ దాటే చోటే ఒక వాలు ఉంది. బొగ్గు నింపుకున్న లారీలు ఆ వాలు దిగుతూ వస్తాయి. లారీల నుంచి రాలిన బొగ్గుపొడి, గంపల నుంచి కారిన ఐసు నీళ్ళు, పైన రెండు చినుకులు పడ్డాయంటే ఇక ఆ రోడ్డు మీద పిల్లి కూడా నిలవదు.

ఒక వానాకాలంలో చిట్టమ్మ అనే ముసలావిడని అక్కడే లారీ కొట్టింది. ప్రాణం దక్కింది, కాలు పోయింది. లారీ డ్రైవరు తాగి లేడు, నిద్రమత్తులోనూ లేడు. మనిషిని దూరం నుంచే చూశాడు, బ్రేకు గట్టిగానే తొక్కాడు. చక్రాలు ఆగిపోయాయి గానీ లారీ ఆగలేదు, అలా జారుకుంటూ వచ్చి కొట్టింది. వాడు రోడ్డు మధ్యలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడని గంగాలమ్మ ఇప్పటికీ చెబుతుంది.

దీనికి రోడ్ల ఆఫీసులో పెద్ద ఇంజనీరు శ్రీరామ్మూర్తిగారు కనిపెట్టిన మందు గోడ. రోడ్డు మధ్య పొడుగునా గోడ కట్టేస్తే ఎవరూ దాటరు, ఎవరూ దాటకపోతే ఎవరికీ దెబ్బ తగలదు. కాగితం మీద బాగానే ఉంది. కానీ అలా కడితే చేపల ఆడవాళ్ళు రైలు గేటు దాకా చుట్టు తిరిగిపోవాలి. నెత్తిన గంపతో అంత చుట్టూ తిరిగి కాలనీకి చేరేసరికి అమ్మగార్ల ఇళ్ళల్లో పొయ్యి మీద పప్పు ఉడికిపోయి ఉంటుంది. పప్పు ఉడికిన ఇంట్లో చేపలెవరు కొంటారు? గోడ లేచిన రోజున గంగాలమ్మ వ్యాపారం, పేటలో సగం ఇళ్ళ వ్యాపారం అక్కడితో సరి. ఆడవాళ్ళందరూ గంపలు బోర్లించి రోడ్డు మీద కూచున్నారు. లారీలు ఆగిపోయాయి, పోలీసులు వచ్చారు, తిట్లూ శాపనార్థాలూ అన్నీ అయ్యాయి.

ఆ గొడవలో నుంచి పుట్టిందే పసుపు రోడ్డు. ఆ ఆఫీసులో కొత్తగా చేరిన ఇంజనీరు అనూరాధ, పెందుర్తి రైతుబిడ్డ, ఒక్క అవకాశం ఇవ్వమని పెద్దాయన్ని అడిగింది. ఆ వాలు మీద, దాటే చోట, రంగు పూత వేద్దాం అంది. దూరం నుంచే డ్రైవరు కంటికి ఆనాలి, దగ్గరికొచ్చాక చక్రాన్ని పట్టి ఆపాలి, అలాంటి పూత. శ్రీరామ్మూర్తిగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "సరేనమ్మా, మొదటి వానకి లోడు లారీ ఆగిందా, గోడ ఉండదు. ఆగలేదా, మర్నాడే పునాది తీయిస్తాను" అన్నారు. అది రెండువేల మూడో సంవత్సరం వేసవి.

పని సన్యాసిరాజుకి వచ్చింది. మేస్త్రీగా దుర్గారావు వెళ్ళాడు. మొదటి రోజు అనూరాధని చూసి ఇంటికొచ్చి, "ఆ ఆడగుంటేటి, రోడ్డేటి!" అని పెదవి విరిచాడు. ఆ విరిచిన పెదవి మళ్ళీ మామూలు కావడానికి ఎన్నాళ్ళో పట్టలేదు.

దుర్గారావు అనుకున్నదేమిటంటే, ఆఫీసువాళ్ళు ఒక డబ్బా మీద వేలు పెట్టి ఇది పూయండి అంటారు, మనం పూస్తాం. ఆవిడ అలా చెయ్యలేదు. ఆ వాలు మీదే, లారీ చక్రం సరిగ్గా ఎక్కే చోట, నాలుగు రకాల పూతలు చాపంత చాపంత ముక్కలుగా పక్కపక్కన వేయించింది. వేయించి, "ఇప్పుడు ఎవ్వరూ ఏమీ చెయ్యకండి. లారీలనీ, ఎండనీ, చేపల నీళ్ళనీ ఎంచుకోనిద్దాం" అంది. రోజూ వచ్చేది. చూసేది, వంగి వేలితో గీకేది, మళ్ళీ వెళ్ళిపోయేది.

ఆ ముక్కలకి పేట ఆడవాళ్ళు పేర్లు కూడా పెట్టేశారు. ఉత్త రోడ్డు పెయింటుకి గోళ్ళరంగు. వేడి చేసి కరిగించి పోసినదానికి లక్క. ఎర్ర సిమెంటుతో దుర్గారావు తన చేత్తో వేసినదానికి మావ గచ్చు. రంగు కలిపిన జిగురు రాసి, దాని మీద గట్టి రాతిరవ్వ చల్లినదానికి నువ్వుజీడి. పాకంలో నువ్వులు అద్దినట్టే ఉండేది మరి.

గోళ్ళరంగు ముందు పోయింది. పోయేలోపల, తడిస్తే చాలు, నడిచేవాళ్ళని నాట్యం చేయించింది. లక్క ఎండకి మెత్తబడి బొగ్గునంతా తనలోకి పీల్చుకుని నల్ల దిమ్మలా తయారైంది. మావ గచ్చు లారీల బరువుకి పెచ్చులుగా లేచింది. దుర్గారావు అది చూసి మొహం తిప్పుకున్నాడు. అనూరాధ ఆ పెచ్చొకటి తీసి అటూ ఇటూ తిప్పి, "మీ పనిలో లోపం లేదు మేస్త్రిగారూ. కింద ఉన్న తారు ఎండకి సాగుతుంది, చల్లబడితే ముడుచుకుంటుంది. దాని మీద కూచున్నది కూడా దానితో పాటు సాగాలి. సిమెంటుకి ఆ గుణం లేదు, పాపం" అంది. దెబ్బ తగిలినచోట వెన్న రాసినట్టయింది దుర్గారావుకి.

నిలిచింది నువ్వుజీడే. అక్కడితో అయిపోయిందా అంటే, కాలేదు. జిగురుల్లో రెండు రకాలు పెట్టి చూసింది, తారుతో పాటు సాగేదేదో తేల్చింది. రవ్వలో ఏటి ఇసక పెట్టింది, అది గుండ్రంగా ఉండి చక్రాల కింద ఇంకా నునుపెక్కిపోయింది. పలుగురాయి పెట్టింది, నలిగిపోయింది. బట్టీలో కాల్చిన బాక్సైటు రవ్వ తెప్పించింది, అది లారీలకి లొంగలేదు. హమ్మయ్య అని అందరూ అనుకునేసరికి, గంగాలమ్మని పిలిచి, "నడిచి చూడండి" అంది.

గంగాలమ్మ గంపతో నడిచి, "ఓలమ్మ, ఇది రోడ్డా, పీతల గంపా? కాళ్ళు కొరికేత్తంది" అంది.

అంతవరకు ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. లారీలకి టైర్లుంటాయి, పేట ఆడవాళ్ళకి చెప్పులుండవు. తడి నేల మీద చెప్పుల కన్నా ఉత్త పాదమే వాళ్ళకి నమ్మకం. అనూరాధ తన చెప్పులు విప్పేసి అక్కడే, లారీలు ఆపించి, అటూ ఇటూ నాలుగు సార్లు నడిచింది. అరికాలు గీరుకుని ఎర్రబడింది. "నిజమే" అని, మర్నాటి నుంచి జల్లెడ పట్టించి అంతకన్నా చిన్న రవ్వతో మళ్ళీ మొదలుపెట్టింది. ఎంత చిన్నదైతే చక్రాన్ని ఆపడం మానేస్తుందో, ఎంత పెద్దదైతే పాదాన్ని కొరుకుతుందో, ఆ రెండింటి మధ్య ఒక సందు ఉంటుందని ఆవిడ నమ్మకం. ఆ సందు దొరికేదాకా వదల్లేదు. చివరికొక ముక్క మీద గంగాలమ్మ ఐసు నీళ్ళు పోసుకుని మరీ నడిచి, "ఇది పట్టుకుంటంది గానీ కొరకట్నేదమ్మా" అన్నప్పుడు ఆ ఇంజనీరమ్మ పరీక్ష పాసైన పిల్లలా చప్పట్లు కొట్టింది.

రంగు దగ్గర దుర్గారావుకీ ఆవిడకీ పేచీ వచ్చింది. "ఎరుపెట్టండి మేడంగారూ. ఎరుపంటే ఎవుడైనా ఆగుతాడు. నా చేతికీ అలవాటు" అన్నాడతను. ఆవిడ కాదనలేదు, ఎర్రది ఒకటి, పసుపుది ఒకటి పక్కపక్కన ముక్కలు వేయించింది. "రేపు వీధిదీపాలు ఆర్పకముందే రండి, ఇద్దరం కలిసి చూద్దాం" అంది. చేపల గంపలు దాటేది ఆ వేళకే కదా. దుర్గారావు వెళ్ళాడు. ఆ రోడ్డు దీపాలది పసుపుపచ్చ వెలుతురు. ఆ వెలుతురులో ఎర్రముక్క ఎండిన నెత్తురు మరకలా, బొగ్గుకీ దానికీ తేడా లేకుండా ఉంది. పక్కనున్న పసుపుముక్క మాత్రం వాలు పై నుంచే పిలుస్తోంది. దుర్గారావు చాలాసేపు చూసి, "నాను ఎరుపుని పగలే సూసినాను" అన్నాడు.

ఆ వేళ ఇంటికొచ్చి భార్యతో, "మనం రోడ్డుకి సెప్తామే, ఇలగుండని. ఆవిడ రోడ్డుని అడుగుతాది, నీకెలగుంటే బాగుంటాదని" అన్నాడు. గంగాలమ్మ చేపలు కోస్తూ, "పెదవి ఇరిసింది నువ్వేనా?" అంది.

అసలు పని మొదలైంది. మబ్బులు సముద్రం మీద పోగవుతున్నాయి, రోడ్డు పొడిగా ఉండగానే ముగించాలి. ఇనప బ్రష్షులతో తారు రుద్దారు, గాలి కొట్టి దుమ్మంతా ఎగరగొట్టారు. రెండు డబ్బాల జిగురు కలపగానే బిగుసుకోవడం మొదలుపెడుతుంది, అందుకని పరిగెడుతూ పూయాలి, పూసిన వెంటనే పసుపు కనపడనంతగా రవ్వ చల్లాలి, చల్లి వదిలేయాలి. ఆరాక ఎక్కువైన రవ్వ ఊడ్చేస్తే, జిగురు పట్టుకున్నంత మటుకు పైకి మొనలు తేలి మిగులుతుంది, సందుల్లో పసుపు మళ్ళీ కనపడుతుంది. వాలు భాగమంతా అనూరాధ దగ్గరుండి అలాగే వేయించింది. ఇక మనుషులు దాటే పట్టీ ఒక్కటీ మిగిలింది. అంతలో ఆఫీసు నుంచి జీపు వచ్చింది, మీటింగు, వెంటనే రమ్మన్నారు. ఆవిడ దుర్గారావుని పిలిచి, "ఈ పట్టీ మీ చేతిలో పెడుతున్నాను మేస్త్రిగారూ. మీ ఇంటి గచ్చు వేసుకున్నంత బాగా వెయ్యండి" అని జీపెక్కింది.

ఆ మాట దుర్గారావు నెత్తిన పెట్టుకున్నాడు. ఎన్నేళ్ళయిందో అతనితో ఎవరైనా గచ్చు మాటెత్తి.

పూత వేశాడు. రవ్వ చల్లాడు. చల్లి, నిలబడి చూశాడు. గరుకు గరుకుగా, దిబ్బలు దిబ్బలుగా ఉంది. చెయ్యి ఆగలేదు. పై వాలు లారీలకి, అక్కడ ఎలా ఉన్నా సరే. ఇది మనుషులు నడిచే చోటు, గంగాలమ్మ నడిచే చోటు. ఇంటి గచ్చంత బాగా అని కదా ఆవిడ అన్నది? తన తాపీ తీశాడు. మోకాళ్ళ మీద కూచుని, వెనక్కి వెనక్కి జరుగుతూ, రవ్వనంతా జిగురులోకి నొక్కి, జిగురుని పైకి తెచ్చి, పాత రోజుల్లో లాగా రుద్దడం మొదలుపెట్టాడు. వయసు మర్చిపోయాడు, నడుంనొప్పి మర్చిపోయాడు. ముగిసేసరికి అది పసుపు అద్దం.

జనం మూగారు. "మావ గచ్చు మళ్ళీ వచ్చిందిరా" అన్నారు. సన్యాసిరాజు ముక్కున వేలేసుకుని, "బావా, ఇది రోడ్డు కాదు, పెళ్ళి అరుగు" అన్నాడు. ఆ సాయంత్రం గంగాలమ్మ చేత్తో మొగుడి కంచంలో వంజరం చేప ముక్క ఒకటి ఎక్కువే పడింది.

ఇక్కడ దుర్గారావుని నవ్వేముందు ఒక్క మాట. మన భాషలో నునుపుకి చెడ్డపేరు లేదు. నున్నటి రోడ్డంటే మంచి రోడ్డు. నున్నగా దువ్విన తల, నున్నగా అలికిన ఇల్లు, నున్నగా తోమిన గిన్నె, అన్నీ పొగడ్తలే. గరుకు అని మనం దేన్ని మెచ్చుకున్నాం? జీవితమంతా నునుపు కోసం మోకాళ్ళు అరగదీసుకున్న మనిషితో బాగా వెయ్యమంటే ఆ చెయ్యి ఎటు పోతుంది?

మర్నాడు పొద్దున్నే అనూరాధ వచ్చింది. దుర్గారావు ఉతికిన చొక్కా తొడుక్కుని నిలబడ్డాడు. చుట్టూ పేట అంతా ఉంది. ఆవిడ పట్టీ దగ్గరకొచ్చి ఆగింది. వంగి అరచెయ్యి ఆనించింది, ఒక పక్క నుంచి ఇంకో పక్కకి మెల్లగా రాసింది. 

"చేతి పని అంటే ఇదీ" అంది. ఆ మాట మనసులో నుంచే వచ్చిందని దుర్గారావుకి తెలిసింది. అయినా గొంతులో ఏదో తేడా ఉంది. ఆవిడ గంగాలమ్మ వైపు తిరిగి, "కొంచెం ఐసు నీళ్ళు పొయ్యండి" అంది. చెప్పులు విప్పి తనే ఆ తడి మీద అడుగు పెట్టింది. రెండో అడుగుకి కాలు సర్రున పోయింది. గంగాలమ్మ గబుక్కున రెక్క పట్టుకోకపోతే పడేదే.

 దుర్గారావుకి అప్పుడు తెలిసింది. పట్టుకోవాల్సిన చోటే జారేలా చేశాడు. ఈ పట్టీ మీద లారీ ఆగదు, ఆగకపోతే గోడ. చిట్టమ్మ కాలు పోయిన చోట, సొంత పెళ్ళాం రోజూ నడిచే చోట, పేట నోటి కూడు పోయేలా తన చేత్తో తనే తాపీ పట్టాడు. 

సన్యాసిరాజు ముందుగా తేరుకున్నాడు. "ఇలగే ఉంచీద్దాం మేడం. సూడ్డానికి దివ్యంగా ఉంది. పెద్దాయనొచ్చి ఫోటో తీయించుకుంటాడు" అన్నాడు.

"ఫోటోకి బ్రేకులక్కర్లేదు రాజుగారూ" అంది అనూరాధ.

తరవాత దుర్గారావు దగ్గరకొచ్చి, అందరికీ వినపడేలాగే అంది. "తప్పు నాది మేస్త్రిగారూ. ఇంటి గచ్చంత బాగా అన్నాను. మీ చేతికి బాగా అంటే ఏమిటో నాకు తెలిసుండాలి. గరుకుగా వెయ్యండి అనాల్సినచోట బాగా వెయ్యండి అన్నాను."

దుర్గారావు జీవితంలో ఇంజనీర్లని చాలామందిని చూశాడు. తప్పు మేస్త్రీది, మేస్త్రీది కాకపోతే కూలీది, కూలీది కాకపోతే సిమెంటుది. తప్పు తన నోటి మాటదని అన్న ఇంజనీరు ఇంతవరకు తగల్లేదు. "ఇప్పుడేటి సెయ్యాలమ్మా?" అన్నాడు. మేడంగారూ అనే అలవాటు కూడా ఆ క్షణంలో పోయింది.

"మరమ్మతుకని దాచిన జిగురు ఉంది. ఊడ్చి తీసిన రవ్వ ఉంది. పట్టీకి సరిపోతుంది, ఒక్కసారికి మాత్రమే. కానీ ఈ నునుపు మీద ఇంకో పూత పట్టదు. దీన్ని ఎలా చెయ్యాలో మీకు నేను చెప్పక్కర్లేదు."

చెప్పక్కర్లేదు. పాత గోడ మీద కొత్త పూత నిలవాలంటే ఏం చెయ్యాలో తాపీపని నేర్చిన మొదటి నెలలోనే తెలుస్తుంది. గాట్లు పెట్టాలి. దుర్గారావు సుత్తీ ఉలీ తెప్పించాడు. కూలీలు ముందుకొస్తే వద్దన్నాడు. తను వేసిన వాటిల్లోకెల్లా అందమైన గచ్చు మీద, రాత్రి తలుచుకుని తలుచుకుని మురిసిన గచ్చు మీద కూచుని, మొదటి దెబ్బ వేశాడు. పసుపు చిట్లింది. రెండో దెబ్బకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అది దుమ్ము అని ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. అనూరాధ ఎదురుగా కూచుని ఇంకో ఉలి తీసుకుంది. ఆవిడ దెబ్బల్లో మూడొంతులు ఉలి మీద పడలేదు, వేలి మీద పడ్డాయి. అయినా లేవలేదు. కాసేపటికి గంగాలమ్మ గంప దించి సుత్తి పట్టింది. ఆమెని చూసి పేట ఆడవాళ్ళు వంగారు. ఎండ నడినెత్తికొచ్చేలోగా అద్దమంతా మశూచి మచ్చలైపోయింది.

దుమ్ము ఎగరగొట్టి, జిగురు కలిపేముందు దుర్గారావు తన తాపీని తీసి గంగాలమ్మ చేతిలో పెట్టాడు. "ఇది పట్టుకుని ఇంటికెల్పో" అన్నాడు.

"ఏటి, ఎందుకు?"

"నా దగ్గరుంటే నా మాట ఇనదు."

పేట అంతా గొల్లుమంది. అనూరాధ కూడా నవ్వింది. దుర్గారావు పరిగెడుతూ పూశాడు, పసుపు కనపడనంతగా రవ్వ చల్లాడు, చల్లి రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. వేళ్ళు దురద పెట్టాయి. వాటిని ఒకదానితో ఒకటి గట్టిగా పెనవేసుకున్నాడు.

పూత ఆరింది, రవ్వ ఊడ్చారు, వాన వచ్చింది. ఆ వరసలోనే వచ్చింది, ఏ దేవుడి దయో మరి.

గొడుగు కింద శ్రీరామ్మూర్తిగారు నిలబడ్డారు. ముందుగా, పసుపుకి ఎగువన, పూత లేని ఉత్త తారు మీద, తడి ఇసక నింపిన చేపల గంప పెట్టారు. నిండుగా బొగ్గు లోడున్న లారీ రోజూ వచ్చే వేగంతో వచ్చి, చెప్పిన గుర్తు దగ్గర బ్రేకు తొక్కింది. చక్రాలు ఆగాయి, లారీ జారింది, గంప చితికి ఇసక నలుదిక్కులా చిమ్మింది. ఆడవాళ్ళెవరో కెవ్వుమన్నారు. అది ఇసకేనని అందరికీ తెలుసు, అయినా అరిచారు.

రెండో గంప దాటే పట్టీ మీద పెట్టారు. అదే లారీ, అదే డ్రైవరు, అదే వేగం. పసుపు మొదలైన చోట బ్రేకు తొక్కాడు. దుర్గారావు కళ్ళు మూసుకున్నాడు. రబ్బరు కర్రుమని రాతిని కొరికిన చప్పుడు వినపడింది, ఆ తరవాత వాన చప్పుడు. కళ్ళు తెరిచేసరికి లారీ పట్టీ అంచు మీద ముక్కు పెట్టి ఆగి ఉంది. గంప గంపలాగే ఉంది.

శ్రీరామ్మూర్తిగారు గంప చుట్టూ తిరిగి చూశారు. పట్టీ మీదకి వంగి చూసి, "ఇక్కడ రెండు పూతలున్నాయే. రెండోసారి ఎందుకు వేయాల్సొచ్చింది?" అన్నారు.

"మొదటిది నా తప్పు సార్. నేను సరిగ్గా చెప్పలేదు" అంది అనూరాధ.

దుర్గారావు వానలోంచి ముందుకొచ్చాడు. "ఆవిడ మాట నమ్మకండి బాబూ. తాపీ ఎట్టింది నాను. నునుపు సేసింది నాను."

"సూచన నాది సార్."

"సెయ్యి నాది బాబూ."

పెద్దాయన ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. "నా సర్వీసంతా తప్పు నాది కాదంటే నాది కాదని కొట్టుకునేవాళ్ళని చూశానయ్యా. నాదంటే నాదని కొట్టుకోవడం ఇదే చూడ్డం" అన్నారు. తరవాత గొడుగు మూసి, తడుస్తూనే, జీపు వైపు నడుస్తూ, "గోడ లేదు, పొండి" అన్నారు.

పేట పేటంతా ఒక్క కేక పెట్టింది.

ఆ కేక ఇంకా ఆగకుండానే గంగాలమ్మ గంప ఎత్తుకుంది. అమ్మకం వేళ మించిపోతోంది కదా. లారీలు తిరిగే వేళ ఆ చోట ఆమె నడవగా దుర్గారావు ఎప్పుడూ చూడలేదు. ఆమే కాదు, ఏ ఆడదీ అక్కడ నడిచేది కాదు. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, ఒక కన్ను లారీల మీదా ఒక కన్ను నేల మీదా పెట్టి, ఊపిరి బిగబట్టి పరిగెత్తేవాళ్ళు. గంగాలమ్మ పసుపు మీద కాలు పెట్టింది. వాలు పై నుంచి ఇంకో లారీ దిగుతోంది. దుర్గారావు నోరు తెరిచి అరవబోయాడు. పసుపు ఎక్కగానే లారీ వేగం తగ్గి, కర్రుమని నిలిచిపోయింది. గంగాలమ్మ రోడ్డుకి సరిగ్గా నడుమ ఆగింది. గంప కొంచెం పక్కకి ఒరిగింది కాబోలు, రెండు చేతులూ ఎత్తి నింపాదిగా దాన్ని సరిచేసుకుంది, జారిన పైట సర్దుకుంది. అంత లోడు లారీ, వానలో ఇంజను గుర్రుమంటూ, ఆమె కోసం కాచుకుని నిలబడింది.

దుర్గారావు ఏడ్చేశాడు. ఈసారి దుమ్మనడానికి కూడా లేదు, వాన పడుతోంది.

"ఏటలగ సూత్తన్నావ్ మావా?" అని రోడ్డు మధ్య నుంచి గంగాలమ్మ కేకేసింది. "ఆగినాది గదా!"

తొందరేమీ లేకుండా మిగతా సగమూ నడుచుకుంటూ అవతలికి వెళ్ళింది.